పిల్లల దగ్గర ఫోన్ లేని తరగతిలో క్యూఆర్ కోడ్‌లు పనికొస్తాయా?

ప్రశ్న అడిగిన ఉపాధ్యాయురాలు చెప్పినదాని సారాంశం ఇది. ఆమె ఈ ఏడాదే జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం స్కూల్ అసిస్టెంటుగా చేరారు. బోధనలో క్యూఆర్ కోడ్‌లు వాడమని శిక్షణలో చెప్పారు. కానీ పిల్లలు బడికి ఫోన్ తీసుకురాకూడదు, ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ పెద్దవాళ్ల చేతిలో ఉంటుంది, ఆమె తరగతి గదిలో ప్రొజెక్టర్ కూడా లేదు. ఇలాంటి చోట ఈ కోడ్‌లు చదువుకు పనికొస్తాయా, లేక తనిఖీకి వచ్చినవారికి చూపించడానికి గోడకు అంటించుకోవలసిందేనా, పనికొచ్చే పక్షంలో ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

పనికొస్తాయి మేడమ్. అయితే పిల్లల దగ్గర ఫోన్ ఉండాలన్న ఆలోచనను ముందుగా పక్కన పెట్టండి. తరగతిలో ఉండవలసిన ఫోన్ ఒక్కటే, అది మీది. పిల్లల చేతుల్లో అట్టముక్కల మీద అతికించిన కోడ్‌లు ఉంటాయి, మీ ఫోన్ కెమెరా వాటిని చదువుతుంది. శిక్షణల్లో సాధారణంగా దీనికి తిరగేసిన పద్ధతిని చూపిస్తారు. గోడ మీద కోడ్ ఉంటుంది, పిల్లవాడు ఫోన్ పెట్టి వీడియో చూస్తాడు. మన బడుల్లో ఆ పద్ధతి నిలబడదు, పైగా దానివల్ల నేర్చుకునేది తక్కువ. నేను ఉన్నత పాఠశాలల్లో జీవశాస్త్రం చాలాకాలంగా చెబుతున్నాను, చుట్టుపక్కల బడులవారు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో తోటి ఉపాధ్యాయులకు ఈ పద్ధతులు చేసి చూపిస్తుంటాను. నా తరగతిలో నిలిచినవాటిని, నిలవనివాటిని కారణాలతో సహా రాస్తాను.

మొదటిది, నా దృష్టిలో అన్నింటికన్నా విలువైనది, ప్లికర్స్ అనే ఉచితంగా మొదలుపెట్టగల సాధనం. దీని కార్డులను వెబ్‌సైటు నుంచి దించుకుని మామూలు ప్రింటరు మీద ముద్రించుకోవచ్చు. 40 కార్డుల కట్ట ఒకటి, పెద్ద తరగతుల కోసం 63 కార్డుల కట్ట ఒకటి ఉన్నాయి. ప్రతి కార్డు మీదా నలుపు తెలుపు గడులతో ఒక ఆకారం ఉంటుంది, ఏ రెండు కార్డుల ఆకారాలూ ఒకటి కావు. సాంకేతికంగా ఇది అచ్చంగా క్యూఆర్ కోడ్ కాదు, కానీ కెమెరా చదివే గుర్తే. కార్డు నాలుగు అంచుల వెంట ఎ, బి, సి, డి అనే అక్షరాలు చాలా చిన్నగా ఉంటాయి. మీరు ప్రశ్న అడుగుతారు, పిల్లవాడు తనకు సరైనదనిపించిన అక్షరం పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకుంటాడు. మీరు ఫోన్‌ను గది ఈ చివరి నుంచి ఆ చివరికి మెల్లగా తిప్పితే, ఎవరు ఏ జవాబు పట్టుకున్నారో పేర్లతో సహా తెరమీద కనిపిస్తుంది. పక్కవాడి కార్డులో కనిపించేది గడులే గానీ జవాబు కాదు కాబట్టి చూసి రాయడం జరగదు. చేతులెత్తమన్నప్పుడు ముందు బెంచీ వైపు చూసి చేతులెత్తే పిల్లలు కూడా ఇక్కడ తమకు తోచింది తామే చెబుతారు. ఎన్నడూ నోరు విప్పని వెనక బెంచీ అమ్మాయి ఏమనుకుంటున్నదో కూడా పాఠం నడుస్తుండగానే తెలుస్తుంది. నాకు ఈ పద్ధతి మీద ఇంత గురి కుదరడానికి కారణం ఇదే.

ఒక ఉదాహరణ వివరంగా చెబుతాను. పదో తరగతి శ్వాసక్రియ పాఠంలో నేను అడిగే ప్రశ్న ఇది: మొక్కలు ఎప్పుడు శ్వాసిస్తాయి? ఎ, పగలు మాత్రమే. బి, రాత్రి మాత్రమే. సి, పగలూ రాత్రీ. డి, మొక్కలు శ్వాసించవు. నేను చెప్పిన ప్రతి తరగతిలోనూ బి పట్టుకునేవారు గణనీయంగా ఉంటారు. రాత్రిపూట చింతచెట్టు కింద పడుకోకూడదని ఇంట్లో విని ఉంటారు, రాత్రి చెట్లు చెడుగాలి వదులుతాయని అర్థం చేసుకుని ఉంటారు, కిరణజన్య సంయోగక్రియ పగలు జరుగుతుందని చదివి ఉంటారు. ఈ మూడూ కలిసి, పగలు ఒక పని రాత్రి ఇంకొక పని అనే లెక్క వాళ్ల మనసులో తయారవుతుంది. ఈ సంగతి తెలియకుండా పాఠం చెప్పుకుంటూ పోతే, పరీక్షలో నిర్వచనం సరిగ్గానే రాస్తారు, ఆలోచన మాత్రం పాతదే ఉంటుంది.

కార్డులు చూశాక వెంటనే సరైన జవాబు చెప్పకండి. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించే ఎరిక్ మజూర్ 1990ల తొలినాళ్లలో ప్రచారంలోకి తెచ్చిన ఒక పద్ధతి ఇక్కడ చక్కగా పనిచేస్తుంది. తరగతిలో సుమారు 30 నుంచి 70 శాతం మంది సరైన జవాబు చెప్పినప్పుడు, పక్కవారితో వాదించుకొమ్మని రెండు మూడు నిమిషాలు వదిలి, అదే ప్రశ్నను మళ్లీ అడగాలి. అంతకన్నా తక్కువ మంది చెబితే పాఠం మళ్లీ చెప్పాలి, ఎక్కువ మంది చెబితే ముందుకు సాగాలి. నేను రెండోసారి కార్డులు చూశాక మొలకెత్తిన పెసలు వేసి బిగించిన సీసాలు రెండు బల్ల మీద పెడతాను. ఒకదాన్ని నల్లగుడ్డతో కప్పి, ఇంకొకదాన్ని వెలుతురులో పెట్టి ముందురోజే సిద్ధం చేసి ఉంచుతాను. రెండింటి గాలినీ వేర్వేరుగా సున్నపుతేటలోకి పంపితే, శ్వాసక్రియలో వెలువడిన కార్బన్ డయాక్సైడ్ వల్ల రెండుచోట్లా అది పాలలా తెల్లబడుతుంది. మొలకలకు ఇంకా ఆకుపచ్చని ఆకులు రాలేదు కాబట్టి కిరణజన్య సంయోగక్రియ అడ్డురాదు, అందువల్ల శ్వాసక్రియ ఒక్కటే కనిపిస్తుంది. బి పట్టుకున్న పిల్లలు ఆ సీసాల వైపు చూసే చూపు వేరుగా ఉంటుంది, ఎందుకంటే వాళ్లు అప్పటికే ఒక పక్షం వహించి ఉన్నారు. కార్డు చేసిన మేలు అంతా అక్కడ ఉంది.

ఇందులో కొన్ని మెలకువలు ఉన్నాయి. పిల్లలు కార్డును నాలుగు మూలల దగ్గర పట్టుకోవాలి, బొటనవేలు నల్లగడి మీదికి వస్తే కెమెరా దాన్ని చదవదు. మొదటి రోజు ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఇదే. మెరిసే లామినేషన్ వేయించకండి. కిటికీ వెలుతురు పడితే తెల్లటి మెరుపు వచ్చి కోడ్ కనిపించదు. మందమైన అట్ట మీద అతికిస్తే చాలు, లామినేషన్ తప్పనిసరి అనుకుంటే మెరుపు లేని రకం అడగండి. కార్డు వెనుక హాజరుపట్టీ సంఖ్య పెద్దగా రాయండి, ఎవరి కార్డు వారికే దక్కుతుంది. ప్రశ్నలను ముందురోజు ఇంట్లోనే ఎక్కించి పెట్టుకోండి, తరగతిలో నెట్‌వర్క్ తడబడుతుంటే అక్కడ టైపు చేస్తూ కూర్చోవడం కుదరదు. పీరియడుకు రెండు మూడు ప్రశ్నలకు మించవద్దు. తప్పు జవాబులను మీరు ఊహించి రాయకండి, పిల్లల పాత జవాబుపత్రాల్లోంచి ఏరి రాయండి. ఎవరూ పట్టుకోని తప్పు జవాబు ఉన్న ప్రశ్న వల్ల మీకు కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. ఇంకొక మాట, ఈ మార్కులను ఎఫ్‌ఏ (నిర్మాణాత్మక మూల్యాంకనం) మార్కుల్లో కలపకండి. మార్కు పోతుందన్న భయం చొరబడిన రోజు నుంచి పిల్లలు తమ ఆలోచన దాచుకుని తెలివైన పిల్లవాడి జవాబు ఏమిటో కనుక్కోవడం మొదలుపెడతారు.

రెండో ఉపయోగం ధ్వని. కాగితం మీద అచ్చు వేయలేనిది ఏదైనా ఉంటేనే కోడ్ పెట్టడంలో అర్థముందని నా అభిప్రాయం. పాఠ్యపుస్తకంలో ఉన్న వాక్యాలనే మళ్లీ కోడ్ వెనుక దాచడం వ్యర్థం. మా తెలుగు పండితులు ప్రతి పద్యాన్నీ పదవిభాగం తెలిసేలా ఒకసారి నెమ్మదిగా, ఒకసారి రాగయుక్తంగా చదివి రికార్డు చేసి, ఆ కోడ్‌ను గోడపత్రిక మీద పద్యం పక్కనే అతికించారు. సిమ్ లేని పాత ఫోన్ ఒకటి ఆయన బల్ల సొరుగులో ఉంటుంది, అందులో ఆ ధ్వని ఫైళ్లు అన్నీ ఉన్నాయి. పత్తి ఏరే రోజుల్లో బడికి రాలేకపోయిన పిల్లలు మధ్యాహ్న భోజనం తరువాత ఆయన ఎదుటే ఆ ఫోన్‌లో పద్యం వింటారు. ఇంటి దగ్గర ఫోన్ దొరికిన పిల్లలు కోడ్ ద్వారా వింటారు. ఇద్దరికీ అందేది ఒకటే పద్యం. చూపు మందగించిన పిల్లలకు, అక్షరాలు కూడబలుక్కునే పిల్లలకు ఇది చాలా సాయం చేస్తుంది. పుస్తకంలోని పేరాను టీచర్ గొంతులో వింటూ వేలు పెట్టి చదువుకునే అవకాశం వాళ్లకు వేరే దారిలో రాదు.

మూడోది, పిల్లలు తామే తయారుచేసే కోడ్‌లు. మీది జీవశాస్త్రం కాబట్టి దీనికి మీ ఆవరణే చాలు. మా బడి ఆవరణలో వేప, కానుగ, చింత, బాదం, ఒక జమ్మి ఉన్నాయి. తొమ్మిదో తరగతి పిల్లలు జట్లుగా ఏర్పడి ఒక్కొక్క చెట్టుకు ఒక నిమిషం మించని వివరణ రాసి, నాకు చూపించి, దిద్దుకుని, తమ గొంతుతో చెప్పారు. శాస్త్రీయ నామం, కుటుంబం, పూత కాలం, ఆకు అమరిక వారే పరిశీలించి రాయాలి. ఇంట్లో పెద్దవారిని అడిగి ఆ చెట్టు గురించి ఒక్క సంగతి తీసుకురావాలి. కానుగ జట్టులోని అమ్మాయి వాళ్ల నాయనమ్మ ఇప్పటికీ కానుగ పుల్లతోనే పళ్లు తోముతుందని, కానుగ నూనె దీపానికి వాడేవారని తెచ్చింది. జమ్మి జట్టు అది తెలంగాణ రాష్ట్ర వృక్షమని, దసరా నాడు ఆకు ఎందుకు పంచుకుంటారో కూడా చెప్పి, తరువాత దాని వేర్ల బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని నేలకు ఎలా అందిస్తుందో వివరించింది. పాఠంలో చదివిన లెగ్యూమ్ (చిక్కుడు) కుటుంబం తమ గేటు పక్కనే ఉన్నదని ఆ పిల్లలకు అప్పుడు తెలిసింది. ఒక నిమిషం చెప్పడానికి వాళ్లు ఎన్నిసార్లు చదివారో, ఎన్ని మాటలు కొట్టేసి మళ్లీ రాశారో చూస్తే, కోడ్ స్కాన్ చేసి వినేవారికన్నా కోడ్ తయారుచేసినవారే ఎక్కువ నేర్చుకుంటారని మీకే అర్థమవుతుంది.

చెట్టుకు మేకు కొట్టకండి, పలకకు రంధ్రాలు చేసి తాడుతో వదులుగా కట్టండి. కోడ్‌ను కాండం చుట్టూ వంచి అతికిస్తే కెమెరా చదవలేదు, చదునైన పలక కావాలి. ఇంక్‌జెట్ ముద్రణ ఎండకు త్వరగా వెలిసిపోతుంది, లేజర్ ముద్రణ కొంత ఎక్కువ కాలం నిలుస్తుంది. కోడ్ కింద చెట్టు పేరు, మూడు వాక్యాల వివరణ పెద్ద అక్షరాల్లో తప్పకుండా రాయించండి. ఫోన్ లేని మనిషికి కూడా ఆ పలక ఏదో ఒకటి చెప్పాలి.

ఇక పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికే ఉన్న కోడ్‌ల సంగతి. పాఠాలను డిజిటల్‌గా అందించే ప్రభుత్వ వేదిక దీక్షను 2017 సెప్టెంబరు 5న, ఉపాధ్యాయ దినోత్సవం నాడు, అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారు ప్రారంభించారు. 2020లో పీఎం ఈ-విద్య కార్యక్రమం కింద దీన్నే దేశమంతటికీ ఒకే డిజిటల్ వేదికగా ప్రకటించారు. పుస్తకంలోని కోడ్ కింద ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన సంకేతం ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని గమనించరు. పుస్తకం నలిగిపోయి కోడ్ చదవకపోయినా, ఆ ఆరింటినీ దీక్ష యాప్‌లో టైపు చేస్తే అదే పాఠం తెరుచుకుంటుంది. మంచి నెట్‌వర్క్ ఉన్నచోట దించుకుని పెట్టుకుంటే తరువాత నెట్ లేకున్నా చూడవచ్చు. మీ పాఠాల కోడ్‌లన్నీ సెలవుల్లో ఒకసారి మీరే తెరిచి చూసి, ఏది పిల్లలకు పనికొస్తుందో పుస్తకంలో పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. అన్నీ ఒకే నాణ్యతతో ఉండవు. కొన్ని వీడియోలు చక్కగా ఉంటాయి, కొన్నింటిలో పుస్తకంలోని పేరాను చదివి వినిపించడం తప్ప వేరేదేమీ ఉండదు. మీ బడిలో ఐఎఫ్‌పి ప్యానెల్ (తాకితే పనిచేసే పెద్ద డిజిటల్ తెర) ఉన్న గది ఏదైనా ఉంటే, వారానికి ఒక పీరియడు అక్కడ అడిగి తీసుకుని, గుర్తు పెట్టుకున్న రెండు మూడింటిని అందరికీ కలిపి చూపించడం, ఎవరింటి దగ్గర వారు చూసుకొమ్మనడం కన్నా ఎంతో మేలు.

ఎందుకంటే ఇంటి దగ్గరి ఫోన్ అందరికీ ఒకే విధంగా అందదు. గ్రామీణ పిల్లల చదువు స్థితిని పరిశీలించే అసర్ 2023లో 14 నుంచి 18 ఏళ్ల వారిపై చేసిన సర్వేలో దాదాపు 90 శాతం ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉన్నదని తేలింది. ఆ అంకె చూసి ఇక ఇబ్బంది లేదనుకోకూడదు. అదే సర్వే ప్రకారం స్మార్ట్‌ఫోన్ వాడగలిగిన వారిలో సొంత ఫోన్ ఉన్న అబ్బాయిలు 43.7 శాతం, అమ్మాయిలు 19.8 శాతం మాత్రమే. ఇంట్లో ఫోన్ ఉండడం వేరు, సాయంత్రం ఆరింటికి అది ఆడపిల్ల చేతికి రావడం వేరు. అందువల్ల కోడ్ స్కాన్ చేస్తేనే పూర్తయ్యే ఇంటిపని ఎప్పుడూ ఇవ్వకండి. కోడ్ అదనపు సాయంగా ఉండాలి, అది లేకపోయినా పని పూర్తి కావాలి.

మహారాష్ట్ర ఉపాధ్యాయుడు రంజిత్‌సిన్హ్ దిసాలే గారి పేరు మీ శిక్షణలో విని ఉంటారు. సోలాపూర్ జిల్లా పరితేవాడి జిల్లా పరిషత్ ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తూ పాఠ్యపుస్తకాలకు క్యూఆర్ కోడ్‌లు జోడించినందుకు ఆయనకు 2020లో గ్లోబల్ టీచర్ ప్రైజ్ వచ్చింది. పది లక్షల డాలర్ల బహుమతిలో సగాన్ని ఆయన తుది జాబితాలోని మిగతా తొమ్మిది మందికి పంచారు. ఆయన కథను చెప్పేటప్పుడు కోడ్ ఒక్కటే చెబుతారు, దాని ముందున్న పనిని వదిలేస్తారు. ఆ ఊరి పిల్లలు ఎక్కువగా కన్నడం మాట్లాడతారు, పుస్తకం మాత్రం వేరే భాషలో ఉంది. ఆయన కన్నడం నేర్చుకుని, పాఠాలను పిల్లల భాషలోకి మార్చి, ఆ తరువాత కోడ్ జోడించారు. మన దగ్గర గోండి, కోయ, సవర, లంబాడీ ఇంటిభాషగా ఉన్న పిల్లలున్న బడుల్లో, సరిహద్దు మండలాల్లో ఒడియా, కన్నడ, తమిళ, మరాఠీ మాట్లాడే పిల్లలున్న చోట, ఆ ఊరి యువకుడో యువతో పాఠంలోని ముఖ్యాంశాన్ని ఇంటిభాషలో రెండు నిమిషాలు చెప్పిన ధ్వని ఒక కోడ్ వెనుక ఉంటే, అది ఏ యానిమేషన్ వీడియో చేయలేని పని చేస్తుంది. మీ బడిలో ఆ అవసరం ఉంటే ముందు దాని మీద శ్రద్ధ పెట్టండి.

కోడ్ తయారీలో చాలామంది ఇబ్బందిపడే సంగతులు రెండున్నాయి.

మొదటిది స్థిరమైన కోడ్, మార్చుకోగల కోడ్ అనే తేడా. స్థిరమైన కోడ్‌లో మీ లింకు గడుల్లోనే నేరుగా రాసి ఉంటుంది, దానికి గడువు తీరడం ఉండదు. మార్చుకోగల కోడ్‌లో తయారుచేసిన సంస్థ లింకు ఉంటుంది, స్కాన్ చేసినవారిని ఆ సంస్థ మీ పేజీకి మళ్లిస్తుంది. ఉచిత గడువు ముగిశాక ఆ మళ్లింపును ఆపేసే సంస్థలు ఉన్నాయి. ఒక శిక్షణ కరదీపికలో అచ్చయిన కోడ్‌లు కొన్ని నెలలకే తెరుచుకోకుండా పోవడం నేను చూశాను, పుస్తకం చేతిలో ఉంది గానీ దాని లోపలి పాఠాలు లేవు. గోడకు, పుస్తకానికి, చెట్టుకు పెట్టేవి ఎప్పుడూ స్థిరమైనవే తయారుచేసుకోండి. క్రోమ్ బ్రౌజరులోనే పేజీకి క్యూఆర్ కోడ్ తయారుచేసే సౌకర్యం ఉంది, మామూలు అవసరాలకు అది చాలు. గూగుల్ డ్రైవ్‌లో పెట్టిన ఫైలు అయితే లింకు ఉన్నవారందరూ చూడగలిగేలా అనుమతి మార్చారో లేదో వేరే ఫోన్‌లో, వేరే ఖాతాతో ఒకసారి పరీక్షించండి. మీ ఫోన్‌లో ఎలాగూ తెరుచుకుంటుంది కాబట్టి అది పరీక్ష కిందికి రాదు.

రెండోది తెలుగు. నెట్ అవసరం లేకుండా వాక్యాలనే కోడ్‌లో పెట్టవచ్చు, స్కాన్ చేస్తే నేరుగా ఆ వాక్యాలు కనిపిస్తాయి. లెక్కకు సూచన, చిక్కుప్రశ్నకు జవాబు ఇలా దాచడం బాగుంటుంది. అయితే కంప్యూటరు అక్షరాలను దాచుకోవడానికి సాధారణంగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్ల చోటు తీసుకుంటుంది, ఇంగ్లీషు అక్షరం ఒక్క బైటే తీసుకుంటుంది. అమ్మ అనే మాటలో అ, మ, పొల్లు, మ కలిసి నాలుగు సంకేతాలు, అంటే 12 బైట్లు. దోషసవరణ, అంటే కోడ్ కొంత చెడినా చదవగలిగే ఏర్పాటు, మధ్యస్థ స్థాయిలో ఉన్నప్పుడు 200 ఇంగ్లీషు అక్షరాలు అడ్డానికి 57, నిలువుకు 57 గడుల కోడ్‌లో సరిపోతే, 200 తెలుగు సంకేతాలకు అడ్డానికి 93, నిలువుకు 93 గడుల కోడ్ కావాలి. అదే కొలత కాగితం మీద గడులు మరీ సన్నబడి పాత ఫోన్లు చదవలేవు. కాబట్టి తెలుగు వాక్యం రెండు వరుసలకు మించితే పేజీగా పెట్టి లింకు ఇవ్వండి.

కొలత విషయంలో ఒక సులభమైన లెక్క ఉంది. కోడ్ ఎంత దూరం నుంచి స్కాన్ చేస్తారో అందులో పదో వంతు వెడల్పు ఉండాలి. పుస్తకంలో 20 సెంటీమీటర్ల దూరానికి 2 సెంటీమీటర్లు, గోడ మీద 3 మీటర్ల దూరానికి 30 సెంటీమీటర్లు. చుట్టూ నాలుగు గడుల వెడల్పున తెల్లటి అంచు వదలాలి. అందం కోసం ఆ అంచు మీద పూలతీగె గీయడం, ముదురు రంగు చార్టు మీద కత్తిరించి అతికించడం చేస్తే కోడ్ పనిచేయదు. టీఎల్‌ఎం (బోధనోపకరణాల) మేళాల్లో పనిచేయని కోడ్‌లలో చాలావాటికి కారణం ఇదే.

వీలుంటే ఒక పీరియడు కోడ్‌నే పాఠంగా చెప్పండి, గణితం ఉపాధ్యాయుడిని కూడా కలుపుకోండి. 1994లో జపాన్‌లోని డెన్సో వేవ్‌లో (అప్పట్లో అది డెన్సో సంస్థలో ఒక విభాగం) మసహిరో హారా బృందం కార్ల విడిభాగాల జాడ తెలుసుకోవడానికి దీన్ని రూపొందించింది. గో అనే ఆట పలక మీది నలుపు తెలుపు రాళ్ల అమరిక నుంచి ఈ ఆలోచన వచ్చిందని హారా చెప్పారు. ఆ సంస్థ పేటెంటు హక్కును ప్రజల మీద ప్రయోగించలేదు, అందుకే ఇది ప్రపంచమంతా పాకింది. పిల్లలకు ఒక పెద్ద కోడ్ ముద్రించి ఇచ్చి, మధ్యభాగంలో చిన్న కాగితం ముక్క అతికించమనండి. కోడ్ ఇంకా చదువుతుంది. ముక్కలు పెంచుకుంటూ పోతే ఒకచోట ఆగిపోతుంది. దోషసవరణ నాలుగు స్థాయిల్లో ఉంటుంది, సుమారు 7, 15, 25, 30 శాతం వరకు చెడిన సమాచారాన్ని తిరిగి రాబట్టగలదు. తరువాత మూలల్లోని మూడు పెద్ద చతురస్రాల్లో ఒక్కదాన్ని మాత్రమే కప్పమనండి. కప్పింది కొంచెమే అయినా చాలా ఫోన్లు అసలు కోడ్‌ను గుర్తించవు. ఆ మూడు చతురస్రాల వల్లే కెమెరా కోడ్ ఎక్కడుందో, ఏ వైపు తిరిగి ఉందో తెలుసుకుంటుంది. నాలుగో మూలలో అలాంటి పెద్ద చతురస్రం ఎందుకు లేదని పిల్లలను అడగండి, జవాబు వాళ్లే చెబుతారు.

అదే పీరియడులో భద్రత కూడా చెప్పాలి. కిరాణా కొట్టు దగ్గర కోడ్‌ను ప్రతి పిల్లవాడూ చూసి ఉంటాడు. స్కాన్ చేసి పిన్ కొట్టడం డబ్బు పంపడానికే, డబ్బు రావడానికి పిన్ అవసరం లేదని గట్టిగా చెప్పండి. ఈ ఒక్క మాట ఇంటికి చేరితే పెద్దవాళ్లు కూడా మోసపోకుండా ఉంటారు. కోడ్‌ను చూసి అందులో ఏముందో మనిషి కన్ను చెప్పలేదు, కాబట్టి తెరిచే ముందు తెరమీద కనిపించే చిరునామా చదివే అలవాటు చేయించండి. బడి గోడ మీది కోడ్‌ల పైన ఎవరైనా వేరే స్టిక్కరు అంటించారేమో మీరే అప్పుడప్పుడు తడిమి చూడండి.

పిల్లల వివరాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 18 ఏళ్లు నిండని వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. ప్లికర్స్‌లో పూర్తి పేరు ఎక్కించవలసిన పని లేదు, హాజరుపట్టీ సంఖ్య చాలు. గూగుల్ ఫారంలో ఫోన్ నంబరు, ఈమెయిలు అడగకండి. చెట్ల వివరణలో పిల్లల ముఖం అక్కర్లేదు, గొంతు సరిపోతుంది, దానికీ తల్లిదండ్రుల సమావేశంలో చెప్పి సంతకం తీసుకోండి. యూట్యూబులో పెడితే లింకు ఉన్నవారికే కనిపించే అమరిక ఎంచుకుని వ్యాఖ్యలు మూసివేయండి.

మీ ప్రధానోపాధ్యాయుల అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది. తరగతిలో ఉపాధ్యాయుల ఫోన్ వాడకం మీద కూడా శాఖాపరమైన ఆంక్షలు ఉండవచ్చు, బోధన కోసమేనని పాఠ్యపథకంలో ఆ పీరియడు ఎదురుగా రాసి ఉంచితే తరువాత ప్రశ్న రాదు. యునెస్కో 2023లో వెలువరించిన విద్యా పర్యవేక్షణ నివేదిక కూడా, అభ్యసనానికి మేలు జరిగేచోటనే సాంకేతికతను వాడాలని చెప్పింది. మీ ప్రధానోపాధ్యాయులు సందేహిస్తే ఒక పీరియడు వచ్చి కూర్చోమని పిలవండి. శ్వాసక్రియ ప్రశ్నకు పిల్లలు పట్టుకున్న జవాబులను ఆయనే చూస్తే, మీరు వేరే వాదన చేయనక్కరలేదు.

మొదలుపెట్టడానికి నా సలహా: ఈ నెలలో ఒక్క సెక్షనుకు మాత్రమే ప్లికర్స్ కార్డులు ముద్రించండి, మిగతావి ఏవీ ముట్టుకోకండి. పిల్లలకు కార్డు పట్టుకోవడం, మీకు ఫోన్ తిప్పడం అలవాటయ్యాక, ప్రశ్న వేసి జవాబులు చూసేసరికి నిమిషం పట్టనప్పుడు రెండో సెక్షనుకు వెళ్లండి. చెట్ల పలకలు వానలు వెనుకబట్టాక పెట్టుకోవచ్చు. ఏ తరగతికి, ఏ పాఠంతో ఆరంభిస్తున్నారో ఇక్కడే రాయండి. ఆ పాఠంలో పిల్లలు సాధారణంగా పొరబడే చోట్లను, వాటి మీద నేను వాడిన ప్రశ్నలను పెడతాను.